అవ్వ చెప్పిన హాజరు

మా బడిలో పాఠం తెలుగులో జరుగుతుంది, హాజరు మాత్రం తమిళంలో పలుకుతుంది. కృష్ణగిరి నుంచి హోసూరు వెళ్ళే హైవే మీద గురుబరపల్లి దాటి, సూళగిరి చేరేలోపల ఒక మట్టిదారిలోకి దిగితే ఆ సర్కారు ఉన్నత పాఠశాల కనిపిస్తుంది. ఒక వరసలో తమిళ మీడియం గదులు, ఎదురు వరసలో తెలుగు మీడియం గదులు. నేను తెలుగు వరసలో తెలుగు చెప్పే అయ్యవారిని. రాష్ట్రం తమిళనాడు కాబట్టి, పేరు పిలిచినప్పుడు తెలుగు పిల్లలు కూడా లేచి నిలబడి "ఉళ్ళేన్ అయ్యా" అంటారు. ఉన్నానయ్యా అని దాని అర్థం. తెలుగు చెవికి మాత్రం అది "ఊళ్ళో లేనయ్యా" అన్నట్టే వినిపిస్తుంది. ప్రతి జూన్‌లోనూ ఆరో తరగతికి కొత్తగా వచ్చిన పిల్లలు ఈ సంగతి కనిపెట్టి, లోకంలో తామే మొదట కనిపెట్టినట్టు నవ్వుతారు.

"ఊళ్ళో లేకుంటే ఈ బెంచీ మీద కూసోనుండేది ఎవురప్పా?" అని నేను అడుగుతాను. మళ్ళీ నవ్వుతారు. పదిహేనేళ్ళుగా అదే ప్రశ్న, అదే నవ్వు. నా దగ్గర ఉన్న సరుకు తక్కువ. దాన్నే ఏటేటా దులిపి అంగట్లో పెడుతూ ఉంటాను.

ఒక్క ఏడాది మాత్రం ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. మూడో బెంచీలో కూర్చున్న ఒక సన్నపాటి పిల్ల లేచి, చేతులు కట్టుకొని, "ఊళ్ళో లేను సార్, బళ్ళో ఉండాను" అంది. తరగతి అంతా గొల్లుమంది. పదిహేనేళ్ళ నా హాస్యాన్ని పదకొండేళ్ళ పిల్ల ఒక్క అక్షరంతో మూలకు నెట్టేసింది. నేను నవ్వాను గానీ, లోపల కొంచెం అసూయ పడ్డాను. ఇప్పుడు నేను రాసేది ఆ పిల్ల గురించే.

తండ్రి చనిపోయాడు. తల్లి కూలికి వెళ్ళేది. బడికి కొంచెం దూరంలో ఉన్న ఊళ్ళో ఒక చిన్న రేకుల ఇంట్లో తల్లీ కూతురూ, తల్లిని కన్న అవ్వా, ముగ్గురే. ఆ ఊరి నుంచి మా బడికి వచ్చే మిగతా పిల్లలందరూ తమిళ వరసలో కూర్చునేవారు. తెలుగు వరసలోకి వచ్చేది ఈ పిల్ల ఒక్కతే.

ఆ పిల్ల ఏడో తరగతికి వచ్చేసరికి బడులు మూతపడ్డాయి. ఆ ఏడు మా పిల్లల చేతిలో రెండు పాసులు ఉన్నాయి. ఒకటి సర్కారు ఇచ్చే బస్‌పాసు, రెండోది పరీక్ష లేకుండానే అందరినీ పై తరగతికి పంపే ఆల్‌పాసు. బస్సులు లేవు కాబట్టి మొదటిది పనికి రాలేదు. రెండోది ఎంతవరకు పనికి వచ్చిందో నాకు తెలుసు.

ఆన్‌లైన్ క్లాసులు అన్నారు. మా దగ్గర ఫోను ఆన్‌లో ఉంటే లైను ఉండదు, లైను ఉన్నచోట ఫోను ఉండదు. టీవీలో పాఠాలు వచ్చాయి. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో తెలియదు. అప్పటి హెడ్‌మాస్టరమ్మ మంచి మనిషి, పద్ధతి గల మనిషి. ప్రతి అయ్యవారూ తన తరగతి పిల్లల ఇళ్ళకు వారానికి రెండుసార్లు ఫోను చేసి, పిల్లతో మాట్లాడి, ఒక నోటుబుక్కులో హాజరు రాయాలని చెప్పింది. పిల్ల ఫోన్లో దొరికితే హాజరు, దొరకకపోతే గైర్హాజరు. నాకు ఏడో తరగతి ఇచ్చారు. ఇరవై ముగ్గురు పిల్లలు.

మంగళవారం, శుక్రవారం పొద్దున టిఫిను అయ్యాక కృష్ణగిరిలో మా ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చొని ఫోన్లు చేసేవాడిని. సగం నంబర్లు మోగేవి కావు. మోగినవి తండ్రుల జేబుల్లో ఉండేవి. "సార్, నేను సూళగిరి ఫ్యాక్టరీలో ఉండాను, షిఫ్టు అయినాక చేయండి" అనేవారు. షిఫ్టు ఎప్పుడవుతుందో వాళ్ళకూ తెలిసేది కాదు. కొందరు పిల్లలు దొరికినా, నేను అడిగినవాటికి "ఊ", "ఊహూ" తప్ప జవాబు రాలేదు. హాజరు రాసేవాడిని.

రెండో రింగుకే ఎత్తే నంబరు ఒక్కటే. ఆ పిల్ల ఇంటిది. బటన్ల ఫోను. ఎత్తేది అవ్వ.

మొదటిసారి నాకు బాగా గుర్తు. "అవ్వా, ఇస్కూలు సారును మాట్లాడేది. పాప ఉందా?" అన్నాను.

"ఉళ్ళేనయ్యా!" అంది అవ్వ, గట్టిగా, ఒక్క ఊపున.

నేను పకపకా నవ్వాను. మనవరాలి తరఫున అవ్వ లేచి నిలబడి తమిళంలో హాజరు చెప్పిందనుకున్నాను. ఇంట్లో పిల్ల చెబుతుంటే విని నేర్చుకొని ఉంటుంది, పక్కన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతూ ఉంటుంది. అదంతా నా కళ్ళకు కనబడినట్టే అనిపించింది. "బలే అవ్వా! శానా సంతోషం!" అన్నాను. "టీవీలో పాఠం వస్తాది, చూడమను." అవ్వ "సరి సరి" అని ఫోను పెట్టేసింది.

కింద వంటింట్లో ఉన్న మా ఆవిడకు చెప్పాను. ఆమె కూడా నవ్వింది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వడానికి వేరే కారణాలు పెద్దగా లేవు.

తర్వాతి మంగళవారం మళ్ళీ అంతే. "పాప ఉందా అవ్వా?" "ఉళ్ళేనయ్యా!" "బలే, సంతోషం!" ఒకటి రెండుసార్లు "పాపకు ఇయ్యి ఒక నిమిషం" అన్నాను. అప్పటికే లైను తెగిపోయింది. ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే బిల్లు ఎక్కుతుందని పెద్దవాళ్ళకు భయం ఉంటుంది. అదే అనుకున్నాను. పైగా జాబితాలో ఆ తర్వాత ఇంకా పదిమందికి చేయాల్సి ఉంటుంది. హాజరు గడిలో ఒక టిక్కు పెట్టేవాడిని. మిగతా పిల్లల గళ్ళు అటు ఇటుగా ఉండేవి, ఈ పిల్ల గళ్ళు మాత్రం ఎడమ నుంచి కుడికి ఒక్క ఖాళీ లేకుండా వరసగా టిక్కులు. నెలాఖరున నోటుబుక్కు చూపిస్తూ హెడ్‌మాస్టరమ్మతో, "చూడండమ్మా, ఈ అవ్వ ఒక్కతే బడిని నడుపుతోంది" అన్నాను. ఆమె సంతకం పెట్టింది.

ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, చలి వచ్చింది. ఏడో తరగతి అయిపోయింది. అందరూ పాసు.

ఎనిమిదో తరగతి సగంలో బడి తెరిచారు. పిల్లలు మాస్కులు వేసుకొని, ఒకరికొకరు దూరంగా నిలబడి, తమ ఎత్తులు చూసుకొని సిగ్గుపడ్డారు. నేను పేర్లు పిలిచాను. ఆ పిల్ల పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మర్నాడూ పలకలేదు. వారం రోజులు చూశాను. ఆరోజుల్లో ఒకరిద్దరు పిల్లలు రాకపోవడం వింత కాదు. అయినా ఈ పిల్ల రాకపోవడం నాకు అర్థం కాలేదు. ఏడాదంతా ఒక్క గైర్హాజరు లేని పిల్ల కదా.

శనివారం మధ్యాహ్నం మోపెడ్ మీద ఆ ఊరికి వెళ్ళాను. రేకుల ఇంటి ముందు అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చొని ఉంది. నేను అంతకుముందు ఆమెను చూడలేదు.

"రాండప్పా, రాండి. ఇస్కూలు సారే గదా? గొంతు పట్టినాను" అంది.

"అవ్వా, పాప యాడ?"

"ఊళ్ళేదయ్యా."

ఎదురుగా ఉంది కాబట్టి నోరు కనిపించింది. నోట్లో ముందు పళ్ళు ఒక్కటీ లేవు.

"ఏమంటివి అవ్వా?"

"ఊళ్ళో లేదు అంటిని. హోసూరు అవతల రోజాతోటలో వాళ్ళమ్మ దగ్గర ఉండాది. ఈ కరోనా వచ్చి బళ్ళు మూసినప్పట్నించీ ఆడనే."

"మరి నాకు చెప్పనే లేదే!"

అవ్వ చేతిలోని చింతపండు తట్టలో పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "చెప్పలేదా? వారానికి రెండు తూర్లు చెప్తానే ఉంటిని గదప్పా! మీరు పిల్చినప్పుడల్లా ఊళ్ళేదు, ఊళ్ళేదు అంటిని. మీరు బలే అవ్వా, సంతోషం అంటిరి. పిల్ల ఊళ్ళో లేకపోతే సారుకు అంత సంతోషం ఏందబ్బా అని నేనే అనుకొంటిని."

అవ్వ మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

"మా బిడ్డ అడిగె. అమ్మా, పిల్లని ఈడ తోటలో పెట్టుకొంటే ఇస్కూల్లో ఏమన్నా అంటారా అని. సారుకు దినామూ చెప్తా ఉండాను, సారు సంతోషం అంటాడు, గమ్మున పెట్టుకో అంటిని. సారే ఒప్పినాక మనకేం భయం?"

త, థ, ద, ధ, న. ఇవి దంత్యాలు, నాలుక కొన పళ్ళ వెనక తగిలితే పుట్టే అక్షరాలు అని ఏటేటా నల్లబల్ల మీద రాసేవాడిని నేనే. ద-కూ, న-కూ పుట్టిల్లు ఒకటే అని పిల్లలకు చెప్పేవాడిని కూడా నేనే. పళ్ళు లేని నోట్లో దంత్యాలు ఎక్కడ పుడతాయో నా వ్యాకరణంలో లేదు. అవ్వ "ఊళ్ళేదయ్యా" అంది, నేను "ఉళ్ళేనయ్యా" అని విన్నాను. పిల్ల లేదు అన్న మాటను పిల్ల ఉంది అని రాసుకున్నాను. తెలుగు రాని తమిళుడు వింటే అనుమానం వచ్చి ఇంకోసారి అడిగేవాడు. తమిళం రాని తెలుగువాడికి సరిగ్గానే వినబడేది. రెండూ వచ్చిన నాకే ఆ తప్పు కుదిరింది.

అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. దారిలో నాకు ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది.

సోమవారం హెడ్‌మాస్టరమ్మ గదిలో పెద్ద పని జరుగుతూ ఉంది. బడులు మూసిన కాలంలో చదువుతో సంబంధం తెగిపోయిన పిల్లల జాబితా తయారు చేస్తున్నారు. ఆ జాబితాలో పేరు ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా సాయంకాలం క్లాసులు. వాళ్ళ ఊళ్ళోనే, డిగ్రీ చదివిన అమ్మాయో ఇల్లాలో వచ్చి, మొదటి నుంచి అక్షరం అక్షరంగా చెబుతారు. జాబితాకు ఆధారం మా నోటుబుక్కులే.

నేను ఆ పిల్ల పేరు చెప్పాను.

హెడ్‌మాస్టరమ్మ నోటుబుక్కు తిరగేసింది. "సార్, ఈ పిల్ల వారానికి రెండు తడవలు మీతో మాట్లాడినట్టు ఉంది గదా. ఒక్క ఖాళీ లేదు. ఇప్పుడేదో వారం రాలేదు, అంతే గదా? ఈ పిల్ల పేరు పెడితే, నిజంగా దూరమైన ఇంకో పిల్ల పేరు తీయాల్సి వస్తుంది."

ఆమెకు తెలియదు. తెలిసినవాణ్ణి ఆమె బల్లకు ఇవతల నిలబడి ఉన్నాను. ఆ టిక్కులన్నీ తప్పమ్మా అనాలి. నోట్లో ఆ వాక్యం తయారుగానే ఉంది.

"అవునమ్మా" అన్నాను.

తర్వాత నాకు నేనే చాలా కారణాలు చెప్పుకున్నాను. ఆరో తరగతి నుంచి విడవకుండా సర్కారు బడిలో చదివిన పిల్లలకు రేపు కాలేజీ సీట్లలో కొంత వాటా ఉంటుంది. ఏడాదంతా బడిలో లేదని నేను రాస్తే ఆ పిల్ల సర్టిఫికెట్టులో ఒక బొక్క పడుతుంది, దాన్ని ఎవరు పూడుస్తారు? ఇది పిల్ల మేలు కోసమే. ఇలా అనుకున్నాను. నిజానికి నాకు మెమో వస్తుందని భయం. ఎవరైనా ఆ కథ విని నవ్వుతారని అంతకంటే పెద్ద భయం. తెలుగు అయ్యవారికి తెలుగు వినబడలేదట అని.

ఆ వారమే హోసూరు దాటి రోజాతోటకు వెళ్ళాను. ప్లాస్టిక్ కప్పు వేసిన పొడవాటి షెడ్లు. లోపల వేడిగా, తడిగా ఉంది. ఒక రేకుల పందిరి కింద ఆడవాళ్ళు వరసగా నిలబడి పువ్వుల కాడలు సర్దుతున్నారు. ఆ వరసలో ఆ పిల్ల. ఒకటిన్నర ఏడాదిలో చాలా ఎత్తు పెరిగింది. ముందున్న పలక మీద గీతలు ఉన్నాయి, కాడ పొడవు కొలవడానికి. ఆ పిల్ల పలక వైపు చూడటం లేదు. కాడ చేతిలోకి తీసుకోవడంతోనే ఏ కుప్పలో వేయాలో ఆమెకు తెలుసు. ఇరవై కాడలు ఒక కట్ట, కట్టకు ఒక అట్ట. నన్ను చూసి పువ్వులు కింద పెట్టి నిటారుగా నిలబడింది.

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రాండి సార్. మీరు శానా మంచోరు. పిల్లని ఈడ పెట్టుకొనేదానికి సంతోషంగా ఒప్పుకొన్నారని మా అమ్మ చెప్పింది. లేకుంటే ఈ పిల్లని ఊళ్ళో ముసలామె ఒక్కదాని మీద వదిలిపెట్టి నేను యాడ పోయేది?"

ఇక్కడ కూడా చెప్పవచ్చు. ఇక్కడ బల్ల కూడా అడ్డం లేదు.

"అది అప్పుడమ్మా. ఇప్పుడు బడి తెరిచినారు. పంపించు" అన్నాను.

"ఒకటిన్నర సంవత్సరం చదువు పోయిందే సార్. మళ్ళీ ఏం ఎక్కుతాది దానికి?"

"ఎక్కుతాదమ్మా. నేను చూసుకొంటాను."

పిల్ల తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. "సోమవారం వస్తాను సార్" అంది.

వచ్చింది. మొదటి రోజు పాఠం చదవమంటే నాలుగు మాటలు చదివి, ఒత్తు ఉన్న మాట దగ్గర ఆగిపోయింది. ఒత్తులన్నీ మరిచిపోయింది. పక్క పిల్లలు కూడా మరిచిపోయినవాళ్ళే గానీ, వాళ్ళకు సాయంకాలం క్లాసులు ఉన్నాయి. రెండు మూడు నెలల్లో కూడబలుక్కొని చదవసాగారు. ఈ పిల్లకు ఆ క్లాసు లేదు. ఆ ఊళ్ళో చెప్పే అమ్మాయి జాబితా ప్రకారం పిల్లలను కూర్చోబెట్టుకునేది. పైగా ఆమె చెప్పేది తమిళ పుస్తకం. జాబితాలో పేరు ఉంటే తెలుగు చెప్పేవాళ్ళను ఎవరినైనా అడగడానికి వీలుండేది. లేని పేరుకు ఎవరినని అడుగుతాం?

నేనే చెబుతానని మధ్యాహ్నం అన్నం బెల్లు తర్వాత ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. ఒక వారం చెప్పాను. తర్వాత ఫోన్ యాప్‌లో పిల్లల వివరాలు ఎక్కించే పని వచ్చింది. ఆపైన ట్రైనింగు వచ్చింది, ఎన్నికల డ్యూటీ వచ్చింది. నేను చెప్పిన మధ్యాహ్నాల కంటే "రేపు చూద్దాం లేమ్మా" అన్న మధ్యాహ్నాలే ఎక్కువ. ఆ పిల్ల పుస్తకం పట్టుకొని స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడేది. నేను కంప్యూటరు వైపు చూసేవాడిని. కొన్నాళ్ళకు నిలబడటం మానేసింది.

తమిళం మాత్రం ఆమెకు బాగా వచ్చింది. తోటలో ధర్మపురి వైపు ఆడవాళ్ళతో ఏడాదిన్నర మాట్లాడింది కదా. మా తెలుగు పిల్లలందరూ వణికే తమిళ పేపరులో ఆమెకే మార్కులు ఎక్కువ. లెక్కలూ సైన్సూ ఎక్కలేదు. అవి మెట్ల లాంటివి, ఏడో తరగతి మెట్టు లేకుండా ఎనిమిదో మెట్టు మీద కాలు పెట్టలేము. లెక్కల అయ్యవారు ఒకసారి అన్నాడు, "ఏందప్పా మీ పిల్ల, ఏడో క్లాసులో ఒక్కరోజు కూడా విడవకుండా హాజరంట. అయినా లవమేదో హారమేదో తెలియదు. కొందరి తలకాయలు అంతే." నేను తల ఊపాను.

తొమ్మిది అయింది, పది అయింది. మాటకు మాట అందించే పిల్ల మాట్లాడటం మానేసింది. ఒకరోజు పద్యం అప్పజెప్పమంటే, "నేను మొద్దు సార్, నాకు రాదు" అంది. కోపంగా కాదు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. తరగతిలో ఎవరూ నవ్వలేదు, వాళ్ళకూ అది తెలిసిన సంగతే. ఆ గదిలో మొద్దుబారినది ఎవరో నాకు తెలుసు. పక్క పిల్లను అప్పజెప్పమన్నాను.

పదో తరగతి ఫలితాల్లో లెక్కలు, సైన్సు పోయాయి. పోయినవాళ్ళు కొన్ని వారాల్లో మళ్ళీ రాయవచ్చు. దరఖాస్తు పెట్టడానికి నాలుగు రోజులు గడువు ఉంది. ఫెయిలైన మిగతా పిల్లలందరూ మొదటి రెండు రోజుల్లోనే వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళారు. ఈ పిల్ల రాలేదు. మూడో రోజు ఫోను చేశాను. అవ్వ ఎత్తలేదు, ఆమె అంతకుముందు చలికాలంలోనే చనిపోయింది. అప్పట్నించీ ఊరి నుంచే తోటకు వెళ్ళివస్తున్న తల్లి ఎత్తింది.

"వద్దు సార్. దానికి చదువు రాదని దానికే తెలుసు, నాకూ తెలుసు. తోటలో సూపర్‌వైజరు తీసుకొంటానన్నాడు. ఇన్నేండ్లు మీరు పడిన కష్టం చాలు."

చివరి రోజు పొద్దున హోసూరు బస్సు ఎక్కాను. దరఖాస్తు కాగితం జేబులో మడత పెట్టుకున్నాను. ఆ రోజు దాటితే ఆ పిల్ల ఆ వరసలోనే నిలబడిపోతుంది. అది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసినా గుండె దడ లేదు. చేయి చచ్చుబడినప్పుడు గిల్లి చూసుకున్నట్టు, దారి పొడుగునా నన్ను నేను గిల్లి చూసుకున్నాను.

పందిరి కింద తల్లీ కూతురూ పక్కపక్కనే ఉన్నారు. తల్లి నీళ్ళ సీసా ఇచ్చింది. నేను తాగలేదు.

"అమ్మా, ఈ పిల్ల మొద్దు కాదు" అన్నాను. "ఏడో క్లాసులో పిల్ల ఊళ్ళో లేదని మీ అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. నాకు తప్పుగా వినపడింది. ఉందని రాసుకొన్నాను. సంతోషం అని నేనన్నది, పిల్ల ఇంట్లోనే ఉండి చదువుకొంటా ఉందనుకొని. తోటలో పెట్టుకోమని కాదు. నేను సరిగ్గా రాసింటే, పిల్ల కోసం అప్పుడే మనుషులు వచ్చేవాళ్ళు. తర్వాత సాయంకాలం క్లాసులు ఇచ్చేవాళ్ళు. అందరు పిల్లలకూ అవి దొరికినాయి. ఈ పిల్ల ఒక్కదానికి దొరకలేదు. అందుకే లెక్కలు పోయినాయి. తలకాయ లేక కాదు."

తల్లి కత్తెర పక్కన పెట్టింది. "ఏం వినపడింది మీకు?" అంది.

చెప్పాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు విన్నారు. ఒకామె ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి నవ్వలేదు.

"మా అమ్మ సచ్చేదాకా చెప్తా ఉండె సార్, ఆ సారు దేవుడు అని" అంది.

పిల్ల అంతవరకు పువ్వుల వైపే చూస్తూ ఉంది. అప్పుడు తల ఎత్తింది.

"మీకు ఎప్పుడు తెలిసినాది సార్?"

దానికి రెండు మూడు విధాల జవాబు చెప్పవచ్చు. ఒకటే నిజం.

"ఎనిమిదో క్లాసులో. బడి తెరిచిన వారంలోనే."

ఆమె వేళ్ళు మడిచి లెక్క పెట్టలేదు గానీ, లెక్క పెడుతోందని తెలిసింది. ఎనిమిది, తొమ్మిది, పది.

"అయితే నేను మొద్దు అన్నప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

తప్పుగా వినడాన్ని ఆమె క్షమించి ఉండేదనుకుంటాను, అది ఆమెకు నచ్చే రకం తమాషానే. ఆ ఒక్క "తెలుసు" దగ్గర ఆమె ముఖం మూతపడింది. నా వైపు నుంచి తల్లి వైపు తిరిగి, "అమ్మా, నేను పరీక్ష రాస్తాను. సంతకం పెట్టు" అంది. తల్లి తడిచేతులు చీరకు తుడుచుకొని సంతకం పెట్టింది. కాగితం నా చేతికి ఇచ్చింది తల్లే. మధ్యాహ్నం మూడింటికి బడి ఆఫీసులో దాన్ని కట్టేశాను.

ఆ తర్వాత ఆమె చదువుకున్నది నా దగ్గర కాదు. తలకాయలు అంతే అన్న ఆ లెక్కల అయ్యవారి ఇంటికి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన "పంపించు" అన్నాడు. ఏడో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాడట. కాడల పొడవులతో భిన్నాలు చెప్పాడట. సైన్సు టీచరమ్మ కూడా పిలిచి కూర్చోబెట్టుకుంది. ఇవన్నీ స్టాఫ్‌రూములో వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. నేను పక్కన కూర్చొని పేపర్లు దిద్దుతూ ఉండేవాడిని.

నోటుబుక్కు కూడా దిద్దుదామని కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళాను. విషయం అంతా చెప్పాను. ఆయన అటెండరును పిలిచి వెతికించాడు. కరోనా కాలం నాటి నోటుబుక్కులన్నీ పోయిన ఏడే చిత్తు కాగితాలవాడికి ఇచ్చేశారట. "వదిలేయండి సార్, అది ఇప్పుడు ఎవురికి కావాల?" అన్నాడు. నేరం ఒప్పుకుందామని వెళితే, ఏ పొట్లంలోకో వెళ్ళిపోయిందని తెలిసింది. వదిలేశాను.

ఆ పిల్ల రెండు పరీక్షలూ పాసయింది. సైన్సులో బాగానే వచ్చాయి, లెక్కల్లో ముప్పై తొమ్మిది. ఈ పాసు మాత్రం ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. కృష్ణగిరిలో ఆడపిల్లల సర్కారు బడిలో పదకొండో తరగతిలో చేరింది. రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోతుంది.

నేను బడి నుంచి వచ్చి కృష్ణగిరి బస్టాండులో దిగే వేళకు, ఆమె ఇంటికి పోయే బస్సు కోసం అక్కడ నిలబడి ఉంటుంది. వారంలో రెండు మూడు రోజులు ఎదురుపడతాం. మొదట్లో నేను చేయి ఎత్తబోయేవాడిని. ఆమె ఆ సమయానికి బ్యాగు సర్దుకునేది. ఇప్పుడు నేనూ ఎత్తడం లేదు. బాధగా ఉందా అని మా ఆవిడ అడిగింది. లేదన్నాను, అది నిజమే. బాధ ఉంటే బాగుండేదేమో.

మొన్న శుక్రవారం ఆమె పక్కన ఇంకో అమ్మాయి ఉంది, అదే యూనిఫారంలో. నేను బస్సు దిగి వాళ్ళ పక్కనుంచే వెళ్ళాల్సి వచ్చింది.

"ఎవురే ఆయన? నిన్నే చూస్తా ఉండాడు" అంది ఆ అమ్మాయి.

"మా పాత ఇస్కూలు సారు."

"మరి పలకరించవా?"

"పా పోదాం, బస్సు పోతాది" అంది ఆమె. ఇద్దరూ ముందు తలుపు నుంచి ఎక్కేశారు.

బస్సు ఇంకో పది నిమిషాలు అక్కడే ఆగి ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. కిటికీ పక్క సీటులో ఆమె స్నేహితురాలికి ఏదో చెబుతోంది, ఆ అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నేను ఇంటికి నడిచాను.